నమిత చదివిన ఏళ్ళు

వేప్పనపల్లిలో కుప్పం బస్సు హారన్ వినబడిందంటే పన్నెండున్నర. హేమావతి సంగటి కుండ దించి, తిన్నె మీద బోర్లా పడుకుని చదువుతున్న కూతుర్ని పిలిచింది. నమిత చివరి పేజీ తిప్పి పుస్తకం మూసి లేచేసరికి పావడా అంచు రెండు వేళ్ళు పైకి పోయి ఉంది. జడ నడుము దాటింది. గోళ్ళ సందుల్లో ఇసుక.

"ఎన్నాళ్ళు?" అంది హేమావతి.

"తొమ్మిది నెలలు. దీవిలో."

"గోళ్ళు కత్తిరించుకోని రా. సంగటి చల్లారిపోతుంది."

ఆ ఊళ్ళో అంతే. పడవ మునిగి దీవికి కొట్టుకొచ్చిన పిల్లోడి కథో, మంచుకొండల్లో దారి తప్పిన పిల్ల కథో చివరిదాకా చదివితే, కథలో ఎన్నాళ్ళు గడిచాయో అన్నాళ్ళూ చదివినవాళ్ళకు వయసులో కలుస్తాయి. సగంలో ఆపితే ఏమీ కాదు. ఆధార్ సెంటర్లో పుస్తకం అట్ట జిరాక్సు తీసుకుని వయసు మార్చి ఇస్తారు. బడి పుస్తకాలకు మాత్రం ఆ గుణం లేదు. వాటితో పిల్లలు ఒక్క పూట కూడా పెరగరు, అయ్యవారే ముసలివాడవుతాడు.

పెద్దవాళ్ళు ఈ సాహస నవలల జోలికి పోరు. ఉన్న వయసే మోయలేక ఉన్నారు. చివరి పేజీ ఊరికే తెరిచి చూసినా నాలుగేళ్ళు అంటుకుంటాయని వాళ్ళకో భయం.

నమిత అవ్వ జ్ఞానాంబకైతే ఇంట్లో పుస్తకం కనిపిస్తే ఒళ్ళు మండేది. రెండుసార్లు పొయ్యిలో పెట్టింది కూడా. అలాంటిది ఈ ఏడు ఉగాది పోగానే మనవరాలి మీద ఆమెకు ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. హోసూరు ఫ్యాక్టరీలో పనిచేసే కొడుకు, హేమావతి తమ్ముడు జితేంద్ర ఆదివారం ఇంటికొస్తే, చెప్పులు విప్పకముందే కుప్పం తరిమేది, పిల్లకు పుస్తకం తెమ్మని.

"ఇంద, ఒంటె ఉండాది దీంట్లో. ఎడారంట," అని ఇచ్చేవాడు జితేంద్ర. ఇరవై తొమ్మిదేళ్ళవాడు, నవ్వుమొహం, పుస్తకాన్ని కోడిపుంజులాగా కాళ్ళు పట్టుకుని మోసుకొచ్చే రకం. పుస్తకానికి కాళ్ళుండవు గాని, చూస్తే అలాగే ఉండేది.

"మా మామంత మంచోడు ఈ జిల్లాలో లేడమ్మా," అనేది నమిత.

హేమావతి పొయ్యిలోకి పుల్ల ఎగదోసేది.

దీవి తొమ్మిది నెలలు, ఎడారి ఏడాదిన్నర, మంచుకొండ ఏడాదీ మూడు నెలలు. చింతలు చిగిర్చినప్పుడు పద్నాలుగేళ్ళున్న పిల్ల, మామిడికాయ పీచు పట్టేసరికి పదిహేడున్నరకు వచ్చింది. ఎండుపుల్లలతో నిప్పు చేయడం, ఇసుకలో నీళ్ళు తవ్వడం వచ్చేసింది. పదో తరగతి లెక్కలు మాత్రం ఎక్కడివి అక్కడే ఉన్నాయి. ఆ పరీక్ష రాసి, కృష్ణగిరిలో కాలేజీకి పోవాలని నమిత కోరిక. కాలేజీ లైబ్రరీలో నిచ్చెన వేసుకుని ఎక్కాల్సినన్ని పుస్తకాలుంటాయని ఎవరో చెప్పారు.

ఒక సాయంత్రం అవ్వ, మనవరాలిని గోడకు నిలబెట్టి తల మీద బొగ్గుతో గీత గీసి, "ఇంకొక్కటి," అనుకుంటూ లోపలికి పోయింది.

"ఇంకొక్కటి ఏందమ్మా?" అని అడిగింది నమిత.

హేమావతి చేటలో రాళ్ళు ఏరుతూ, తల ఎత్తకుండా చెప్పింది. "ఇంకొక్కటి చదివితే నీకు పద్దెనిమిది. వైశాఖంలో ముహూర్తం. మామతోనే."

పోయినేడు అంకప్ప కూతురి పెళ్ళికి పప్పు వడ్డించకముందే జీపులో ఆఫీసర్లు దిగి, పిల్లకు పదిహేనేనని పెళ్ళి ఆపించారు. ఊరంతా ఆకులు మడిచి లేచింది. ఆ రోజు జ్ఞానాంబకు ఒకటి అర్థమైంది. తప్పు పెళ్ళిలో లేదు, వయసులో ఉంది.

"నా పరీక్షలు?"

"పెండ్లయినాక రాయిస్తానన్నాడు."

"నేనింక చదవను. ఒక్క పేజీ కూడా."

"చదవకుంటే మటుకు ఏమయితుంది? ఆరునెల్లు ఊరికే కూర్చున్నా పద్దెనిమిది వస్తుంది. చదివినేటివి వెనక్కి పోతాయా?"

నమిత చాలాసేపు గోడ మీది గీతను చూసింది.

ఆదివారం మామ వస్తే ఎదురెళ్ళి, "మామా, ఈసారి లావు బుక్కు తే. యాడున్నా సరే, ఎంత లావుంటే అంత," అంది.

జితేంద్ర చెవులదాకా ఎర్రబడ్డాడు. "అమ్మా, పిల్లకే తొందరగా ఉండాదే," అని బండి తిప్పాడు.

కుప్పంలో అంగడి మొత్తం మీద లావుది తెచ్చాడు. అట్ట మీద పదేళ్ళ పిల్ల, వాగు, వెనక అడవి. పిల్లల బొమ్మ ఉంది గనక పిల్లల పుస్తకమే. తెరిచి చూసే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. నమిత తెరిచింది. మొదటి పేజీలోనే రాసి ఉంది, పదేళ్ళప్పుడు అడవిలో తప్పిపోయిన పిల్ల ఇరవై నాలుగేళ్ళ తర్వాత ఇల్లు చేరిందని.

మూసి పెట్టింది. లోపలికెళ్ళి అద్దంలో ముఖం చూసుకుంది. మొటిమ ఒకటి గిల్లుకుంది. చెంబెడు నీళ్ళు తాగి తిన్నె మీదికి వచ్చి మళ్ళీ తెరిచింది.

నాలుగు రోజులు చదివింది. నాలుగో రోజు పుస్తకం మూసి లేచిన మనిషికి చెంపల దగ్గర తెల్లవెంట్రుకలు, కళ్ళ కింద గీతలు, మోకాలి మీద ఎప్పటిదో మానిన మచ్చ. నలభై ఒకటిన్నర.

"ఏం పని చేసినావే," అంటూ జ్ఞానాంబ తిన్నె మీద కూలబడింది. "ఇంత ముసలిదాన్ని నా కొడుక్కెట్ల ఇయ్యాల?"

"ఇయ్యొద్దు అవ్వా," అంది నమిత. గొంతు బొంగురుగా ఉంది. చాలా ఏళ్ళుగా వాడని గొంతు.

జితేంద్ర వచ్చి గడప అవతలే నిలబడ్డాడు. పెద్దవాళ్ళ ముందు నిలబడినట్టు రెండు చేతులూ కట్టుకున్నాడు. "నేను పోయొస్తానక్కా," అన్నాడు చివరికి, నమితతో. వైశాఖం వృథా కానియ్యలేదులెండి, గురుబరపల్లిలో ఇంకో పిల్ల దొరికింది.

వారం తర్వాత నమిత సంతకు పోతుంటే క్లాసు పిల్లలు ఎదురయ్యారు. పోయిన నెలదాకా ఒకే బెంచీలో కూర్చున్న చాందిని, "ఆంటీ, టైమెంత?" అని అడిగింది. గుర్తుపట్టలేదు. నమిత చెయ్యడ్డం పెట్టుకుని ఎండ చూసి, "పదిన్నర," అంది.

ఆ మధ్యాహ్నం కూతురికి తల దువ్వుతూ హేమావతి దువ్వెన ఆపేసింది. ఆమెకు ముప్పై మూడు. కాసేపు తెల్లవెంట్రుకల్ని విడదీసి చూసి, లేచి వచ్చి కూతురి ముందు, మోకాళ్ళ దగ్గర కూర్చుంది.

"అక్కా," అంది. అన్నాక నోటిమీద చెయ్యి పెట్టుకుంది గాని, మాట మార్చుకోలేదు. "నాకు పదహారప్పుడు పెండ్లి చేసినారు. వద్దని ఉండె నాకు. ఎవురికీ చెప్పలేదు. పెద్దోళ్ళు ఎవురైనా అడిగితే చెప్పుదామనుకొన్నాను. ఎవురూ అడగలేదు."

చెప్పి ఎదురు చూసింది, పెద్దవాళ్ళు ఏదో ఒకటి అంటారు కదా అని.

నమితకు ఏ ఆకు తింటే కడుపునొప్పి పోతుందో తెలుసు. ఏ అడుగు ఎలుగుబంటిదో తెలుసు. కానీ ఆ ఇరవై నాలుగేళ్ళూ అడవిలో ఆమెతో మాట్లాడిన మనిషి లేడు. ఇలాంటి మాటకు ఏం బదులు చెప్తారో ఆమెకు తెలియదు.