చనిపోయాక రెండు గంటల బీట్

"ఈ మనిషి చనిపోయాక రెండు గంటలు బీట్ తిరిగాడు."

ఇన్‌స్పెక్టర్ మేడమ్ ఆ మాట చాలా మామూలుగా అంది. ఎదురుగా నిలబడ్డ రైటర్‌కి మాత్రం చెమటలు పట్టాయి.

రైటర్ అంటే కథలు రాసేవాడు కాదు. స్టేషన్ డైరీ, డ్యూటీ పట్టిక, రిపోర్టులు రాసే హెడ్ కానిస్టేబుల్. ముప్పై ఏళ్ల సర్వీసు. అతను కథలు కూడా బాగానే రాస్తాడన్న సంగతి మేడమ్‌కి ఇప్పుడిప్పుడే తెలుస్తోంది.

బల్ల మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి పదకొండు నెలల కిందటి డాక్టర్ సర్టిఫికెట్. కానిస్టేబుల్ నంబర్ 417 గుండె ఆగి చనిపోయాడు. సమయం మధ్యాహ్నం ఒకటిన్నరకీ రెండుకీ మధ్య. రెండోది అదే రోజు డైరీ పేజీ. మేడమ్ దాన్ని పైకే చదివింది.

"రెండూ పదికి 417 కూరగాయల మార్కెట్లో గస్తీ. రెండూ నలభై అయిదుకి కుళాయి దగ్గర ఇద్దరి గొడవ తీర్చాడు. మూడూ ఇరవైకి దారికి అడ్డంగా సైకిల్ పెట్టినవాణ్ని హెచ్చరించాడు. నాలుగూ అయిదుకి స్టేషన్‌కి తిరిగొచ్చి, కుర్చీలో కూర్చుని కుప్పకూలాడు." ఆమె తలెత్తింది. "బతికున్నప్పుడు కూడా ఇంత చురుగ్గా ఉండేవాడా?"

"లేదు మేడమ్," అనేసి నాలుక కరుచుకున్నాడు రైటర్.

"వచ్చే ఆదివారం మన స్టేషన్ అమరుల రోజు. పేర్లన్నీ మళ్లీ పరిశీలించమని పైనుంచి ఆర్డరు. రాయి చెక్కే ఆయన రేపు నాలుగింటికి వస్తాడు. ఈలోపు 417 ఆ వేళకి ఎక్కడున్నాడో నాకు తెలియాలి. పన్నెండు నుంచి నాలుగు దాకా అతనిది బీట్ డ్యూటీ. బీట్‌లో లేడంటే డ్యూటీలో లేనట్టే. డ్యూటీలో లేనివాడి నంబరు రాయి ఎక్కదు. అర్థమైందా రైటర్ గారూ?"

ఆ "గారూ"లో బెత్తం దెబ్బ ఉంది.

స్టేషన్ ఆవరణలో నిలువెత్తు నల్లరాయి ఒకటుంది. డ్యూటీలో ఉండగా పోయినవాళ్ల నంబర్లు దాని మీద వరసగా చెక్కి ఉంటాయి. ఏటా ఒక ఆదివారం పొద్దున ఇన్‌స్పెక్టర్ రాయి ముందు నిలబడి, బతికున్నవాళ్లకి తీసినట్టే హాజరు తీస్తాడు. నంబరు పిలవగానే ఆ ఇంటివాళ్లెవరో ఒకరు "హాజరు" అంటారు. అంతే. ఉపన్యాసాలుండవు. కానీ ఆ ఒక్క మాట అనడానికి జనం ఊళ్లు దాటి వస్తారు.

417 విషయం వేరు. అతన్ని ఆ నంబరుతో పిలిచినవాళ్లు తక్కువ. స్టేషనంతా "కునుకు" అనేవారు. నిలబడి నిద్రపోగలడు. కవాతులో నడుస్తూ నిద్రపోగలడు. ఒకసారి సెల్యూట్ కొట్టిన చెయ్యి దించకుండానే నిద్రపోతే, పై అధికారి ముచ్చటపడి రెండు నిమిషాలు తిరుగు సెల్యూట్‌లో నిలబడ్డాడు. పొద్దున హాజరులో అతని నంబరు పిలిచినప్పుడు జవాబు చెప్పేది రైటరే, గొంతు కొంచెం మార్చి. ఏడుగురు ఇన్‌స్పెక్టర్లు మారారు. ఒక్కరూ పట్టుకోలేదు.

దానికి బదులుగా కునుకు చేసే సాయం ఒక్కటే. రైటర్ బయటికెళ్తే అతని కుర్చీలో కూర్చునేవాడు. ప్రపంచంలో అతనికి బాగా వచ్చిన పని కూర్చోవడమే కదా, ఎవరడిగినా కాదనేవాడు కాదు.

ఆ రోజూ జరిగింది అదే. రైటర్ పెళ్లిరోజు. మ్యాట్నీకి తీసుకెళ్లకపోతే పుట్టింటికి పోతానంది భార్య. లాకప్ కాపలా రైటర్‌ది, తాళాలు అతని దగ్గరే. ఒంటిగంటకి తాళాల గుత్తి కునుకు చేతిలో పెట్టి, లాకప్ ముందు కుర్చీలో కూర్చోబెట్టాడు. పోయేముందు డైరీలో నాలుగింటి దాకా జరగబోయేదంతా రాసేశాడు. తన కాపలా రాశాడు, కునుకు బీట్ రాశాడు. అలవాటైన పనే. రేపటి జాతకం ఇవాళే రాసే పెద్దమనుషులు లేరా?

సినిమాలో పోలీసు హీరో చచ్చిపోతే రైటర్ రుమాలు తడిసిపోయేలా ఏడ్చాడు. తిరిగొచ్చి "లేరా, నాలుగైంది" అని భుజం తడితే కునుకు లేవలేదు. అప్పుడు ఏడుపు రాలేదు. డైరీ తీసి చివరి వాక్యం ఒకటి కలిపాడు. నాలుగూ అయిదుకి తిరిగొచ్చి కుప్పకూలాడు.

ఇప్పుడు నిజం చెప్తే కునుకు నంబరు రాయి మీదికి ఎక్కుతుంది. తను మాత్రం ఉద్యోగంలోంచి దిగాల్సి రావచ్చు.

*

సాయంత్రం రైటర్ కునుకు భార్య కొట్టుకి వెళ్లాడు. ఆమె యూనిఫామ్‌లు కుట్టే దర్జీ. ఊళ్లో ఏ పోలీసు నడుము ఎంత పెరిగిందో ఆమె టేపుకి తెలుసు.

"రా మరిదీ. ప్యాంటు మళ్లీ బిగుతైందా?"

"అది కాదు వదినా. ఆదివారం సంగతి..."

"ఇదిగో చూడు." ఆమె ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా తీసింది. కునుకుదే. కొత్త గుండీలు మెరుస్తున్నాయి. "దీన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటా. నిద్ర మడతలు పోవడానికి మూడుసార్లు ఇస్త్రీ చెయ్యాల్సొచ్చింది. మెడ దగ్గర గోడకి ఆనుకున్న మరక మాత్రం చచ్చినా పోలేదు."

రైటర్ నవ్వబోయి ఆగాడు. ఆమె నవ్వడం లేదు.

"ముప్పై ఏళ్లు, మరిదీ. 'కునుకు పెళ్లాం' అని కూరగాయల వాడి దగ్గర్నుంచి అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను? ఒక్కసారి ఆయన నంబరు పిలవాలి. నేను 'హాజరు' అనాలి. ఎవడూ నవ్వకూడదు. అంతకు మించి నాకేమీ అక్కర్లేదు."

రైటర్ ఆ చొక్కా మెడ మీది మరకనే చూస్తున్నాడు.

"ఏంటి, మొహం అలా పెట్టావ్? ఏమైనా ఇబ్బందా?"

"అబ్బే, ఏం లేదు. ప్యాంటే, కొంచెం బిగుతైంది."

*

తప్పు ఒప్పుకోవడానికి ముందు మనిషి అన్ని అడ్డదారులూ తొక్కుతాడు. మర్నాడు పొద్దున్నే రైటర్ మార్కెట్‌కి పరుగెత్తాడు. రెండింటి తర్వాత 417ని చూశామని నలుగురు సంతకం పెడితే చాలు, డాక్టర్ గడియారం తప్పని వాదించొచ్చు.

ఉల్లిపాయల కొట్టాయన అడగ్గానే సంతకం పెట్టాడు.

"అలాంటి పోలీసు మళ్లీ రాడు సార్."

"బాగా వచ్చేవాడా?"

"ఎక్కడ? ముప్పై ఏళ్లలో రెండుసార్లొచ్చాడు. అదీ ఉల్లిపాయల కోసం. అందుకే అంటున్నా, అలాంటివాడు మళ్లీ రాడు."

గంటలో ముప్పై ఏడు సంతకాలు. రైటర్ వద్దన్నా ఆగలేదు. తలా ఓ వాక్యం కలిపారు.

పదకొండింటికి మేడమ్ ఆ కాగితం చదివింది. చదువుతున్న కొద్దీ కనుబొమలు పైకి పోయాయి.

"ఉల్లిపాయలాయన మూడింటికి చూశాడు. సరే. మంగలాయన నాలుగున్నరకి గడ్డం గీశాడు. చెప్పులు కుట్టే ఆయన దగ్గర అయిదింటికి చెప్పు కుట్టించుకున్నాడు. అరటిపళ్లామె ఆరింటికి... ఏం రాసింది? ఆ, 'నిద్రమత్తే లేకుండా నవ్వుతూ పలకరించాడు'." ఆమె కాగితం బల్ల మీద పెట్టింది. "రైటర్ గారూ, నిన్న రెండు గంటలే. ఇవాళ నాలుగైంది. ఇంకో రోజు టైమిస్తే ప్రమోషన్ కూడా తెచ్చుకునేలా ఉన్నాడు."

రైటర్ తల దించుకున్నాడు.

"చివరిసారి అడుగుతున్నా. బీట్‌లో ఉన్నాడా?"

"లేడు మేడమ్."

మేడమ్ పెన్ను తీసింది. రాయి మీదికి ఎక్కాల్సిన నంబర్ల జాబితాలో 417 దగ్గర ఆగింది. కొట్టెయ్యడానికి ఎంతసేపు? ఒక్క గీత.

"ఆగండి మేడమ్!" రైటర్ గొంతు అతనికే కొత్తగా వినిపించింది. "వాడు డ్యూటీలోనే ఉన్నాడు. నా డ్యూటీలో. లాకప్ కాపలా నాది. నా కుర్చీలో, నా తాళాలు పట్టుకుని కూర్చున్నాడు. డ్యూటీలో లేనిది నేను."

"నువ్వెక్కడున్నావ్?"

"మ్యాట్నీలో."

మేడమ్ పెన్ను పక్కన పెట్టింది. తర్వాత నెమ్మదిగా అంది. "బాగుంది. నిన్న డైరీ, ఇవాళ పొద్దున ముప్పై ఏడు మంది, ఇప్పుడు మ్యాట్నీ. మూడు కథలు చెప్పావు. మూడోది నిజమని ఎలా నమ్మను? ఆ రోజు స్టేషన్లో ఎవరున్నారు?"

"అందరూ ఆటల పోటీల బందోబస్తుకి పోయారు మేడమ్. ఎవరూ లేరు."

"నేనున్నా!" అని లాకప్‌లోంచి గొంతు వినబడింది.

ఇద్దరూ తిరిగి చూశారు. కటకటాల వెనక, గోడకి జారబడి, కత్తెర అని అందరూ పిలిచే జేబుదొంగ. నెలలో పది రోజులు అక్కడే ఉంటాడు. సొంతింటికి వెళ్లినా నిద్రపట్టదని అంటుంటాడు.

"ఆ రోజు నేనిక్కడే ఉన్నా మేడమ్. రైటర్ గారు సెంటు కొట్టుకుని ఒంటిగంటకి పోయారు. కునుకు బాబాయ్ కుర్చీలో కూర్చున్నాడు. గుర్రు మొదలెట్టాడు. కాసేపటికి ఆగిపోయింది."

"అయితే?"

"బాబాయ్ గురక ఆగడమేంటి మేడమ్! గుండె గుభేల్మంది. పిలిచా. పలకలేదు. మూడు దాకా అరిచా. ఎవరూ రాలేదు. సరే, కటకటాల్లోంచి చెయ్యి చాపి ఆయన చేతిలో తాళాలు తీసుకుని, బయటికెళ్లి ఎవర్నైనా పిలుద్దామని..."

"ఎవర్నైనా పిలవడానికే?"

కత్తెర తల గోక్కున్నాడు. "ముందు బయటికెళ్లడానికి. పిలవడం తర్వాత సంగతి." గొంతు తగ్గించాడు. "అంతకు ముందు రెండుసార్లు తీశా మేడమ్ ఆ తాళాలు, ఆయన నిద్రలో ఉండగా. బయటికెళ్లి టీ తాగి, తిరిగొచ్చి తలుపేసుకుని, మళ్లీ గుప్పిట్లో పెట్టేశా. రెండోసారి ఆయనక్కూడా ఒక టీ తెచ్చా, పాపం. ఆ రోజు మాత్రం రాలేదు. ఎంత లాగినా ఒక్క వేలు కదల్లేదు. బతికుండగా వదిలేసినవాడు, పోయాక పట్టుకున్నాడు."

మేడమ్ డాక్టర్ సర్టిఫికెట్ మళ్లీ తీసి, వెనక వైపు తిప్పింది. కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. ఆమె దాన్ని రైటర్ వైపు తోసింది.

కుడి గుప్పిట్లో తాళాల గుత్తి. విడదీయడానికి ఇద్దరు సహాయకులు కావలసి వచ్చారు.

"బీట్‌కి వెళ్లేవాడి చేతిలో లాకప్ తాళాలు ఎందుకున్నాయని వారం నుంచి బుర్ర బద్దలు కొట్టుకుంటున్నా," అంది మేడమ్. "నువ్వే వచ్చి చెప్తావని చూశాను. సంతకాలు పట్టుకొచ్చావు."

"తప్పైంది మేడమ్. సస్పెండ్ చేసినా..."

"అది పైవాళ్లు తేలుస్తారు. నేను రిపోర్టు రాస్తాను, ఉన్నదున్నట్టు. ఈలోపు సోమవారం నుంచి నువ్వు డైరీ ముట్టుకోవద్దు. ఆ మార్కెట్ బీట్ నీది. రోజూ పన్నెండు నుంచి నాలుగు దాకా కాలినడకన. కునుకు తిరగని ముప్పై ఏళ్లూ నువ్వు తిరుగు."

రైటర్ సెల్యూట్ కొట్టాడు. మేడమ్ జాబితాలో 417 పక్కన "లాకప్ కాపలా" అని రాసింది. నంబరు కొట్టెయ్యలేదు.

"మేడమ్," అని పిలిచాడు కత్తెర. "నిజం చెప్పినందుకు నాకేమైనా..."

"టీ. ఈసారి మేమే తెచ్చిస్తాం. నువ్వు లేవకు."

*

ఆదివారం పొద్దున ఆవరణంతా నిండిపోయింది. మార్కెట్‌వాళ్లు కూడా వచ్చారు. "సోమవారం నుంచి రోజూ వస్తారట కదా?" అని ఉల్లిపాయల కొట్టాయన రైటర్ చెవిలో దిగులుగా అడిగాడు. "బాబాయ్ బతికుంటే మాకీ ఖర్మ పట్టేది కాదు."

రైటర్ అంతకు ముందు రోజే వదినకి అంతా చెప్పేశాడు. మ్యాట్నీతో సహా. ఆమె కుట్టుపని ఆపి, గోడ వైపు తిరిగింది. తర్వాత ఒక్కటే అడిగింది.

"సినిమా బాగుందా?"

"లేదు వదినా."

"ప్యాంటు విప్పి ఇచ్చిపో. వదులు చేస్తా. నడవాలి కదా."

ఇప్పుడామె ముందు వరసలో ఉంది, ఒళ్లో ఖాకీ చొక్కాతో. రాయి మీద చివరి నంబరు అంచులు ఇంకా తెల్లగా ఉన్నాయి. మేడమ్ హాజరు పట్టీ తీసింది. ఒక్కో నంబరూ పిలిచింది. ఒక తల్లి, ఒక కొడుకు, ముసలి అన్నయ్య ఒకాయన వరసగా లేచి "హాజరు" అన్నారు. చివరికి వచ్చింది.

"ఫోర్ వన్ సెవెన్!"

వదిన లేవబోయింది.

"హాజరు మేడమ్!"

వెనక వరసలోంచి ఖంగుమంది, గొంతు కొంచెం మారి.

రైటర్ రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. ఆలస్యమైపోయింది. ముప్పై ఏళ్ల అలవాటు, పిలుపు వినగానే నోరు దానంతటదే తెరుచుకుంది.

ఎవడూ నవ్వలేదు. ఉల్లిపాయల కొట్టాయన పెదవి కొరుక్కుని ఆకాశంలోకి చూస్తున్నాడు. వదిన నెమ్మదిగా వెనక్కి తిరిగింది. రైటర్‌ని కింది నుంచి పైకి చూసింది. చొక్కా గుండెలకి హత్తుకుంది. ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నారు అందరూ.

నవ్వుతోంది. కళ్లల్లో నీళ్లు తిరిగేలా, ఆపుకోలేక.

"ఇవాళ కూడా నువ్వేనా మరిదీ?" అంది. "ఇవాళ ఆయన నిజంగానే వచ్చాడయ్యా!"

అప్పుడు నవ్వారు అందరూ. ఆమె కోపం తెచ్చుకోలేదు. నవ్వులన్నీ సద్దుమణిగే దాకా నిలబడి, రాయి వైపు తిరిగి, స్పష్టంగా అంది.

"హాజరు."

మేడమ్ పట్టీ మీద 417 పక్కన టిక్కు పెట్టింది, ఒకటి కాదు, రెండు. ఆ నంబరుకి హాజరు వేసిన ఇన్‌స్పెక్టర్లలో ఆమె ఎనిమిదో మనిషి. గొంతు ఎవరిదో తెలిసి కూడా వేసింది ఆమె ఒక్కతే.