స్తూపం మొత్తం పడాలంటే

"ఫొటో ఫొటో అని ఎనక్కి ఎనక్కి నడిసేవు, జాగర్తే హైమా! ఎనకాల ఏటుందో సూసుకో. కాలు జారితే కొండ కిందికి దొర్లిపోతావు. ఆ మెడలోది గొంతుకి సుట్టుకుంటాది!"

అప్పటికి ఎవరూ వెనక్కి నడవలేదు. బస్సింకా ధౌళి కొండ ఎక్కుతూనే ఉంది. కిటికీలోంచి తెల్లని స్తూపం కనబడగానే తవిటమ్మ నోట వచ్చిన మాటలవి. ఆవిడ అన్న "మెడలోది" నేనే. నేను ఒక ఫిల్ము కెమెరాను.

పుట్టింది జపానులో. తెల్ల తొడుగులు వేసుకున్న ఒకామె నా కంటి అద్దాన్ని ఉఫ్ అని ఊది, తుడిచి, వెలుగుకేసి చూసింది. నేను మొదట చూసిన మనిషి ముఖం అదే. నవ్వలేదు. నన్ను చూస్తే మనుషులు నవ్వాలని తరవాత బరంపురంలో తెలిసింది. అక్కడ ఒక స్టూడియో ఆయన నన్ను పెళ్ళిళ్ళకి తిప్పాడు. పెళ్ళికూతురి పక్కన నిలబడడానికి తోసుకునేవాళ్ళు, తీరా నా ముందుకొచ్చాక ఊపిరి బిగబట్టి, ఏదో దొంగతనంలో దొరికిపోయినట్టు చూసేవారు. ఆ తరవాత ఒక పత్రికా విలేకరి. ఆయన దగ్గరున్నప్పుడు మొక్కలు నాటే పెద్దమనుషుల్ని చాలామందినే తీశాను. ఆ మొక్కలకి మర్నాడు నీళ్ళు పోసే మనిషిని మాత్రం ఒక్కసారీ తీయలేదు.

ఆ విలేకరి దగ్గర్నుంచి పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ గుమాస్తా ఒకాయన నన్ను కొన్నాడు. ఆయన కూతురే హైమ. నాతో ఏం తీసినా ముందు కాసేపు ఊరికే చూసేది. అలా చూసేవాళ్ళంటే నాకిష్టం.

ఇంట్లో మాత్రం అప్పుడు మాటల్లేవు. హైమకి పూనాలో మిలిటరీ ఆస్పత్రి నర్సు చదువుకి సీటొచ్చింది. వారంలో చేరాలి. తండ్రి "మీ అమ్మ ఊ అంటే వెళ్ళు" అని తప్పుకున్నాడు. తవిటమ్మ ఊ అనలేదు. యుద్ధమొస్తే? రైల్లో ఎవడైనా మత్తుమందు పెడితే? జొరమొస్తే గంజి కాచేదెవరు? ఆ రోజు నుంచి హైమ తల్లితో మాట్లాడడం మానేసింది. జగన్నాథుడికి మొక్కుకుంటే పిల్ల మనసు మారుతుందేమోనని, అత్తగారు సూరమ్మని కూడా తీసుకుని తవిటమ్మ పూరీ యాత్ర బస్సెక్కింది. గుంపులో తప్పిపోతే దూరాన్నుంచైనా కనబడాలని కూతురికి ఎర్ర వోణీ వేయించింది.

దారిలో బస్సు ధౌళిలో ఆగింది. జపాను బౌద్ధులు కూడా చెయ్యి వేసి కట్టిన స్తూపమని విని, పుట్టింటివాళ్ళ ఇల్లు చూస్తున్నట్టు చూశాను. పాలమీగడలాంటి గుండ్రటి కట్టడం, నెత్తిన ఒకదానిమీదొకటి గొడుగులు, మెట్ల దగ్గర సింహాలు, గూళ్ళలో కళ్ళు వాల్చుకున్న బుద్ధుడు. శాంతికి కాపలాగా సింహాలెందుకో నాకిప్పటికీ తెలియదు.

గైడు కింద ఉన్న దయా నదిని చూపించి, కళింగ యుద్ధంలో లక్షమంది చచ్చిపోయింది ఇక్కడేనని, అది చూసి రాజు మనసు విరిగిందని చెప్పాడు.

"అంతమంది సచ్చిన సోటుకి తెచ్చీసినారేటి మనల్ని!" తవిటమ్మ పమిట భుజాల చుట్టూ కప్పుకుంది.

సూరమ్మకి వేరే సందేహం వచ్చింది. "సచ్చినోలు సరే నాయినా, దెబ్బలు తగిలినోలికి కట్లు కట్టిందెవులు?"

"రాజు చెక్కించిన రాతి మీద అది రాయలేదు మామ్మా" అన్నాడు గైడు. హైమ చటుక్కున నాయనమ్మ వైపు తిరిగింది. తవిటమ్మ ఆ తిరగడం చూసింది.

బస్సులో పక్క సీటాయన "ముగ్గురూ నిలబడండి, నేను తీస్తాను" అని చెయ్యి చాపాడు.

"ముగ్గురా! ముగ్గురు ఫొటో దిగితే ఒకరికి ముప్పు" అంది తవిటమ్మ.

"బుద్ధుడున్నాడు గదే కోడలా, నలుగురం" అంది సూరమ్మ.

"దేవుణ్ణి లెక్కలో ఏస్తారేటత్తా! మీరిద్దరూ నిలబడండి. నాను నొక్కుతాను."

ఆవిడ జన్మలో నన్ను ముట్టుకోలేదు. హైమ మాట్లాడకుండా నా పట్టీ తీసి తల్లి మెడలో వేసింది. తల్లి చూపుడువేలు పట్టుకుని మీట మీద ఆనించి, వెళ్ళి సూరమ్మ పక్కన నిలబడింది.

మొదట నాలో హైమ ముఖమే నిండుగా ఉంది. తవిటమ్మ అక్కడే నొక్కేసేదే.

"గుడి పడాలే! పైన గొడుగులు పడాలి!" అని సూరమ్మ అరిచింది.

తవిటమ్మ వెనక్కి అడుగు వేసింది. సింహం వచ్చింది. ఇంకో అడుగు, గూట్లో బుద్ధుడు వచ్చాడు. కన్ను నాకు ఆనించి, వెనకేముందో చూసుకోకుండా, మెట్లున్న వైపే నడుస్తోంది. చివరి గొడుగు కూడా వచ్చాక ఆగింది.

"ఇదేటే హైమా! గుడంతా వొచ్చింది గానీ నువ్వు అగ్గిపుల్లంత అయిపోయినావు." ఊపిరి పీల్చుకుంది. "పూనా ఎల్తే ఇంతకన్నా సిన్నదానివైపోతావు గదే. నీకు దెబ్బ తగిల్తే కట్టు కట్టిందెవులని నానెవుల్ని అడగాల? మరింక నాకు అవుపడతావేటే, సెప్పు!"

వేలు మీట మీదే ఉంది, ఇంకా నొక్కలేదు.

ఇప్పుడు నాకు ఫిల్ము వేసేవాళ్ళు లేరు. పలాసలో తవిటమ్మ ఇంట్లో, షోకేసు అద్దం వెనక, ఆ ఫొటో పక్కనే ఉన్నాను. ఫొటో కొంచెం వంకరగా వచ్చింది. వచ్చినవాళ్ళు "స్తూపం బాగుంది, ఇందులో మీ నర్సమ్మ ఏదీ?" అంటారు. తవిటమ్మ వెతుక్కోదు. కిందనున్న ఎర్ర చుక్క మీద సూటిగా వేలు పెడుతుంది. సెలవుల్లో వచ్చినప్పుడు నా దుమ్ము దులిపేది ఆ ఎర్ర చుక్కే.

నాకు బొమ్మలే గాని మాటలు పట్టుకోవడం రాదు. అయినా ఆ రోజు, తల్లితో అన్ని రోజులు మాట్లాడకుండా ఉన్నాక, స్తూపం దగ్గర్నుంచి నాలుగు మెట్లు ఒకేసారి దూకుతూ వచ్చిన ఆ గొంతు నాలోనే ఉంది.

"అవుపడతానమ్మా! ఎర్ర వోణీ ఏసినావు గదా! నొక్కు, నొక్కీసి అక్కడే ఆగు. ఇంక ఎనక్కెల్లకు. పడిపోతావే అమ్మా!"