రోజూ పెట్టుకునే ఉంగరం

టీ గ్లాసులు కడిగి బోర్లించి, వేళ్ళ సందుల్లో కూడా తడి లేకుండా చేతులు తుడుచుకుని, ఆ ఇంటి కోడలు మళ్ళీ పని బల్ల ముందు కూర్చుంది. వేలికి సబ్బు జిడ్డు మిగిలిందంటే చిన్న రాళ్ళు జారిపోతాయి. దుకాణానికి వచ్చినవాళ్ళకి టీ ఇవ్వడం, ఆ గ్లాసులు కడగడం, ఆ చేతులతోనే వజ్రాలు పొదగడం, మూడూ ఆమె పనులే. మొదటి రెండూ అందరూ చూస్తారు. మూడోది తెర వెనక జరుగుతుంది.

తెర అవతల భర్త గొంతు వినిపిస్తోంది.

"ఏం చేశారమ్మా దీన్ని? ఇంత నాజూకైన ఉంగరాన్ని?"

"ఏం చేయలేదండీ. నేను ఇంట్లోనే ఉంటాను," అంటోంది ఎవరో ఒకావిడ, తప్పు చేసి దొరికిపోయినట్టు.

"మరి రాయి ఎలా ఊడిందంటారు? నగ కొనగానే సరికాదు కదమ్మా, చూసుకోవాలి."

"నాదే పొరపాటు లెండి."

ఈ సంభాషణ ఆమెకు కంఠతా వచ్చు. దుకాణంలో రోజువారీ ఉంగరాలకు రెండు పళ్ళేలు ఉన్నాయి. ఉద్యోగాలు చేసే ఆడవాళ్ళు వస్తే లావుపాటి ఉంగరాల పళ్ళెం తీస్తారు, ఇంట్లో ఉండే ఆడవాళ్ళు వస్తే సన్నటివి. 'ఇంట్లో కూర్చునేవాళ్ళకి దెబ్బలేం తగుల్తాయి? వాళ్ళకి నాజూకువే చూపించాలి' అన్నది భర్త సిద్ధాంతం. రాయి ఊడి తిరిగి వచ్చేవన్నీ ఆ సన్నటి పళ్ళెంలోవే. అయినా ఆ సిద్ధాంతం మీద ఆయనకు ఎప్పుడూ అనుమానం రాలేదు. ఈ ఆడవాళ్ళకి జాగ్రత్త లేదని తేల్చేశాడు. ఊడిన ఉంగరం తెర కిందనుంచి లోపలికి వస్తుంది, కోడలు బాగుచేస్తుంది, 'మా నాన్నగారి చెయ్యి పడింది, ఇక భయం లేదు' అని చెప్పి ఆయన తిరిగి ఇస్తాడు.

నాన్నగారి చెయ్యి వణకడం మొదలై చాలా ఏళ్ళయింది. మామయ్యగారు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని కౌంటరు వెనక కుర్చీలో కూర్చుంటారు, మెడలో భూతద్దం వేలాడుతుంది. అన్నేళ్ళూ ఆ దుకాణంలో రాళ్ళు పొదిగింది అత్తయ్య. ఆవిడ పోయి ఇంకా ఏడాది కాలేదు. పరామర్శకు వచ్చినవాళ్ళందరూ 'పాపం, ఇల్లు చూసుకునే మనిషి పోయింది' అన్నారు. ఆ అన్నవాళ్ళలో కొందరి వేళ్ళకు ఆవిడ చేసిన ఉంగరాలే ఉన్నాయి. కోడలు అందరికీ మంచినీళ్ళు అందిస్తూ ఆ ఉంగరాలను గుర్తుపట్టింది. ఆ రోజు నోరు విప్పితే ఏడుపు తప్ప ఇంకేమీ వచ్చేది కాదు.

కిటికీ పక్కన అత్తయ్య స్టూలు అలాగే ఉంది. దాని మీద కోడలు కూర్చోదు, దాన్ని పక్కకి జరపనూ జరపదు. పెళ్ళయి వచ్చిన కొత్తలో 'అమ్మాయి బొమ్మలేస్తుందట, మనకేం ఉపయోగం?' అని మామయ్యగారు నవ్వితే, మరునాడు ఆ బొమ్మల పుస్తకం తీసుకుని తెర వెనక్కి రమ్మని పిలిచింది అత్తయ్యే. ఆవిడకి మెచ్చుకోవడం చేతకాదు. మొదటిసారి సొంతంగా పొదిగిన ఉంగరం చూపిస్తే, భూతద్దం పెట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొట్టి విని, చివరికి "ఊడదులే" అంది. ఆ ఒక్క మాట మీద కోడలు ఎన్ని రోజులు గాల్లో తేలిందో! తనే అడిగింది ఒకసారి, రోజూ పెట్టుకునేదైతే లావుగా చేసేస్తే గొడవ వదిలిపోతుంది కదా అత్తయ్యా అని. ఆవిడ చేతిలోని ఆకురాయి కింద పెట్టి కోడలి వైపు చూసింది. "మొత్తం లావు చేయడం ఎవరికైనా వచ్చు! దెబ్బ ఎక్కడ తగుల్తోందో కనుక్కో. బంగారం అక్కడ పెట్టు. మిగతాది సన్నగా ఉండనీ. పనిచేసే చేతికి అందం వద్దని నీకెవరు చెప్పారు?" దెబ్బ ఎక్కడ తగులుతుందో కనుక్కోవడానికి ఆవిడకి ఒక పద్ధతి ఉండేది. మెత్తటి వెండితో ఉంగరం చేసి, గాజు రాయి పెట్టి, కొన్నాళ్ళు తీయకుండా పెట్టుకోమని ఇచ్చేది. తిరిగి వచ్చాక దాని మీది గీతలు చదివేది. ఆవిడ పోగానే భర్త మొదట తీసేసింది ఆ పద్ధతినే. 'ఈ కాలంలో అంత ఓపిక ఎవరికుంది? అయిదు నిమిషాల్లో నచ్చాలి, కొనాలి, వెళ్ళాలి.'

ఆ మధ్యాహ్నం ఒక బస్సు డ్రైవరు వచ్చింది. డ్యూటీ దిగి యూనిఫాంతోనే వచ్చిన పొడుగాటి మనిషి. జేబులోంచి చేతిరుమాలు తీసి, దాని ముడి విప్పి, ఒకే ఒక కమ్మ కౌంటరు మీద పెట్టింది. కమ్మలో చిన్న వజ్రం.

"మా అమ్మది. రెండోది ఎప్పుడో పోయింది, అమ్మ కూడా పోయింది. దీంతో ఉంగరం చేసివ్వండి. రోజూ పెట్టుకుంటాను."

భర్త లావుపాటి పళ్ళెం తీశాడు. "మీలాంటి వాళ్ళకి ఇదీ మేడమ్. బండకేసి కొట్టినా ఏం కాదు."

"నేను బస్సు నడుపుతానండీ, బావులు తవ్వను," అంది డ్రైవరు. "మా అమ్మ సన్నటివే పెట్టుకునేది. నాకూ సన్నగానే కావాలి."

"సన్నటిదైతే పనిలో ఉన్నప్పుడు తీసెయ్యాలి మరి."

"తీసి డబ్బాలో పెట్టుకోవడానికైతే కమ్మ చాలదా? ఉంగరం ఎందుకు?"

భర్త తెర తీసుకుని లోపలికి వచ్చాడు. "మొండిఘటంలా ఉంది. అడిగినట్టే సన్నగా చేసిచ్చేద్దాం. ఊడితే ఆవిడే బాధపడుతుంది, మనం ముందే చెప్పాం."

"ఊడితే ఇంకో రాయి లేదామెకు," అంది కోడలు. "వెండిది చేసిచ్చి చూద్దామండీ."

"మళ్ళీ అమ్మ పద్ధతులా? నువ్వు టీ పట్టుకెళ్ళు."

టీ పట్టుకెళ్ళింది. గ్లాసుతో పాటు, పళ్ళెంలో, అత్తయ్య సొరుగులోంచి తీసిన, ఇంకా ఎవరూ పెట్టుకోని గాజు రాయి వెండి ఉంగరం కూడా పెట్టింది. డ్రైవరు వేలికి అది కొద్దిగా వదులు, అంతే. "దీన్ని తీయకుండా పెట్టుకోండి. స్నానానికైనా, నిద్రకైనా తీయద్దు. మళ్ళీ వచ్చేటప్పుడు తీసుకురండి," అని మెల్లగా చెప్పింది. డ్రైవరు ఆమె ముఖం వైపు, తర్వాత భర్త వీపు వైపు చూసి, ఉంగరం తొడుక్కుని టీ తాగింది.

కొన్నాళ్ళకి డ్రైవరు మళ్ళీ వచ్చేసరికి భర్త భోజనానికి వెళ్ళాడు. మామయ్యగారు కుర్చీలో కునికిపాట్లు పడుతున్నారు. కోడలు వెండి ఉంగరాన్ని భూతద్దం కింద పెట్టింది. అరచేతి వైపు నున్నగా, సమంగా అరిగింది. అది స్టీరింగు. దానివల్ల పెద్ద ప్రమాదం లేదు, అక్కడ కాస్త మందం ఉంటే చాలు. చిటికెన వేలి వైపు మాత్రం రాయి పక్కన లోతుగా నొక్కులు పడ్డాయి, ఒకదాని మీద ఒకటి. గాజు రాయి అంచు చిట్లింది.

"ఇది గేరా అక్కా?"

"గేరు ఎడమ చెయ్యి చెల్లీ. ఉంగరం కుడి చేతికి పెట్టుకున్నాను."

"మరైతే బస్సులో తగిలింది కాదు."

డ్రైవరు ఉంగరం తీసుకుని తన వేలి దగ్గర పెట్టి, చెయ్యి గాల్లో అటూ ఇటూ తిప్పింది. గిన్నె తోముతున్నట్టు, బకెట్ ఎత్తుతున్నట్టు. ఒక చోట ఆగింది. "మంచం కడ్డీ! మా మామగారికి లేవడం చేతకాదు. ఈ చెయ్యి వీపు కిందకి పోనిచ్చి లేపుతాను. ఇదిగో, ఇలా లాగేటప్పుడు కడ్డీకి రాసుకుంటుంది."

"రోజుకి ఎన్నిసార్లు లేపుతారు?"

"లెక్కపెట్టలేదు. లెక్కపెడితే నేనే లేవలేను." నవ్వింది. "నిజం చెప్పనా? బస్సే నాకు విశ్రాంతి. అక్కడ ఎవరికైనా ఏదైనా కావాలంటే బెల్లు కొడతారు. ఇంట్లో బెల్లు ఉండదు, నా పేరే బెల్లు. మా ఆయనేమో 'నువ్వు కూర్చుని చేసే ఉద్యోగం కదా, అలుపేంటి' అంటాడు."

కోడలికీ నవ్వొచ్చింది. నవ్వుతూనే ఆ నొక్కులను ఇంకోసారి చూసింది. ఊడిపోయి వచ్చిన సన్నటి ఉంగరాలన్నీ గుర్తుకొచ్చాయి. వాటికీ ఇలాంటి నొక్కులే ఉండేవి. 'ఏం చేయలేదండీ' అన్న ఆ ఆడవాళ్ళందరూ ఎంత చేశారో వాటి మీద ఉంది. వాళ్ళు కూడా దాన్ని పనిగా ఎంచలేదు. తను మాత్రం ఎంచిందా? గ్లాసులు కడిగిన చేతిని తుడుచుకుని కూర్చునే ప్రతిసారీ, ఇప్పుడు పని మొదలైంది అనుకునేది.

ఆ ఉంగరం మీద ఆమె పెట్టిన శ్రద్ధ ఇంతవరకు దేని మీదా పెట్టలేదు. పైనుంచి చూస్తే గీత గీసినంత సన్నం. పక్కనుంచి చూస్తే మాత్రం లోతుగా ఉంటుంది, నిలబెట్టిన రేకులా, వంచుదామన్నా వంగదు. అరచేతి వైపుకి వచ్చేసరికి ఎవరికీ తెలియకుండా కొద్దిగా మందమవుతుంది. రాయిని ఎత్తులో నిలబెట్టలేదు, వేలికి దగ్గరగా దించింది. కడ్డీ తగిలే వైపు రాయి అంచును కప్పుతూ నెలవంక లాంటి చిన్న బంగారు గోడ కట్టింది. దానికి ఎదుటి వైపు అలాంటిదే ఇంకొకటి, చూపుకు జత కుదరాలని. మిగతా రెండు వైపులా గోడ లేదు. అక్కడ వెలుతురు లోపలికి దూరి, రాయి అడుగుదాకా వెళ్ళి తిరిగొస్తుంది. బలమంతా ఆ గోడల్లో, ఆ లోతులో ఉంది, కానీ కంటికి ఆనేది నాజూకుతనమే. పూర్తయ్యాక చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొట్టింది. రాయి కదల్లేదు. ఎవరికి చూపించాలో తెలియక కాసేపు అలాగే పట్టుకుని కూర్చుంది. అత్తయ్య ఉంటే చాలాసేపు చూసేది. ఏమీ అనకుండా ఇంకాసేపు చూసేది.

భర్త చూసి కనుబొమలు ఎగరేశాడు. "ఇంత సన్నంగానా? ఆగుతుందా?"

"ఆగుతుంది."

వేలితో నొక్కి చూశాడు, బల్ల అంచుకు తాటించి చూశాడు. ముఖం విప్పారింది. "బ్రహ్మాండంగా ఉందే! ఇలాంటివి వరసగా చేద్దాం. నాన్నగారి ప్రత్యేకం అని అద్దాల మీద రాయిద్దాం."

ఉంగరం తీసుకోవడానికి డ్రైవరు వచ్చినప్పుడు కోడలు టీ గ్లాసుతో తెర దగ్గర నిలబడి ఉంది. డ్రైవరు ఉంగరం తొడుక్కుని చెయ్యి చాపి చూసుకుంది. పిడికిలి బిగించింది, విప్పింది. ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకుని, రాయి గీసుకోలేదని గమనించి, మళ్ళీ చూసుకుంది.

"మా నాన్నగారి చెయ్యంటే అదీ!" అన్నాడు భర్త.

డ్రైవరు మామయ్యగారి వైపు తిరిగి దణ్ణం పెట్టింది. "పెద్దాయనా, మా అమ్మ నా చేతికి తిరిగొచ్చినట్టుంది. ఎప్పుడైనా రాయి కదిలితే తిన్నగా మీ దగ్గరికే తెస్తాను. ఇంకెవరినీ ముట్టుకోనివ్వను. మీ చేతుల్లోనే పెడతాను."

మామయ్యగారు కౌంటరు మీది చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఆ చేతుల్లో ఆ రాయి! పట్టకారు ఒక్కసారి జారితే చాలు. ఇన్నాళ్ళూ దాచినదంతా మామయ్యగారి గౌరవం కోసమే అనుకుంది కోడలు. కానీ అవతల నిలబడ్డ మనిషికి ఇంకో రాయి లేదు.

టీ గ్లాసు కౌంటరు మీద పెట్టి ముందుకొచ్చింది.

"ఆయనకి ఇవ్వకండి అక్కా. నాకివ్వండి. దాన్ని చేసింది నేను."

భర్త గబగబా నవ్వాడు. "అంటే... మా ఆవిడ లోపల కాస్త సాయం చేస్తూ ఉంటుంది లెండి."

"సాయం కాదు," అంది కోడలు. గొంతు పెంచలేదు. "గీసింది నేను, పొదిగింది నేను. నాకు నేర్పింది మా అత్తయ్య. అంతకుముందు ఈ దుకాణంలో పొదిగినవన్నీ ఆవిడవే."

మామయ్యగారు తల ఎత్తలేదు. కాదనీ అనలేదు. భర్త తండ్రి వైపు చూసి, కౌంటరు అద్దం తుడవసాగాడు.

డ్రైవరు ముగ్గురినీ ఒకసారి చూసింది. ఆశ్చర్యపోయినట్టు లేదు. "అయితే వచ్చినప్పుడు ఎవరు కావాలని అడగాలి చెల్లీ?"

ఆమె తన పేరు చెప్పింది. వీధిలోకి వినపడేంత స్పష్టంగా చెప్పింది.

"ఆరు నెలలకోసారి తెచ్చి చూపించండి. నేను లేకపోతే కూర్చుని ఆగండి. వచ్చేదాకా ఇంకెవరి చేతికీ ఇవ్వకండి."