గాలితో లేచే కారు

“లేస్తుంది, వంగుతుంది, సరే. బట్టలు కూడా ఉతుకుతుందేమో ఆ మణికుమార్‌ని అడిగారా?” అంది పద్మిని, పచ్చడి సీసా మూత బిగిస్తూ.

“నీకు ఎగతాళి తప్ప ఇంకోటి చేతకాదు,” అన్నాడు గోపినాథ్. “నేను అడిగేది ఒక్కటే. క్వార్టరు వద్దని రాసిచ్చెయ్. సోమవారం దింపుతాను, మధ్యలో చుట్టాలింట్లో ఉందువుగాని, శనివారం తెచ్చుకుంటాను. ఇంట్లో ఇంత బండి పెట్టుకుని నువ్వక్కడ ఒక్కదానివీ ఉంటే డాలీగంజ్‌లో మనోళ్లు ఏమనుకుంటారు?”

“బండి గురించి అనుకుంటున్నది చాలదా?”

ఈ వాదన ఆ పొద్దుట మొదలైంది కాదు. పద్మినికి వేరే దీవిలోని రంగత్ బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా ప్రమోషన్ వచ్చిన రోజు నుంచీ నడుస్తోంది. పెళ్లాం ఉద్యోగానికి అడ్డం పడేంత పాతకాలపు మనిషిని కానని గోపినాథ్ తన ఆఫీసులో నలుగురికీ చెప్పుకుంటాడు. అడ్డమల్లా అక్కడ బడివాళ్లు ఇచ్చే క్వార్టరుకే. రెండు గదులు, ముందొక వరండా. పద్మిని ఓసారి వెళ్లి చూసొచ్చింది. ఎవరి ఎంగిలి గ్లాసూ లేని ఆ వంటగట్టు ఆమె కళ్లలోంచి పోవడం లేదు. అక్కడ ఉండాలని ఎంత ఆశగా ఉందో ఎవరితోనూ అనలేదు. చివరికి విసుగెత్తి, “మీ కారు మనందరినీ పేచీ పెట్టకుండా రంగత్ చేరిస్తే, క్వార్టరు వద్దని నేనే రాసిస్తాను,” అంది. గోపినాథ్ అప్పుడే గెలిచేసినట్టు మీసం సవరించుకున్నాడు.

ఆ కారు చెన్నై నుంచి ఓడలో వచ్చి దీవిలో దిగింది. ఎవరో డబ్బున్నాయన మోజు తీరి వదిలించుకున్న విదేశీ సరుకు. చక్రాల దగ్గర స్ప్రింగులకు బదులు గాలి సంచులు. కంప్రెసర్ వాటిలోకి గాలి కొడితే కారు లేస్తుంది, గాలి వదిలితే దిగుతుంది. అయితే లేవగలిగినంతా లేచినా డాలీగంజ్ స్పీడ్ బ్రేకర్ల మీద దాని పొట్ట గీసుకునేది. ఆ చప్పుడుకి వీధిలో జనం తలుపులు తీసి చూసేవారు. దాంతో గోపినాథ్ దాన్ని బ్రూక్షాబాద్‌లో మణికుమార్ షెడ్డుకి తోలాడు. మణికుమార్ ఫోన్‌లో వీడియోలు చూసి పని నేర్చుకున్న మెకానిక్. ప్రతి చక్రం దగ్గరా ఎత్తు కనిపెట్టే సెన్సర్‌కి ఓ చిన్న కడ్డీ ఉంటుందనీ, దాని బదులు తిప్పితే పొడవు మారే కడ్డీ పెడితే, తానింకా కిందే ఉన్నానని భ్రమపడి కారు మరింత లేస్తుందనీ, రెండోవైపు తిప్పితే మరింత దిగుతుందనీ చెప్పాడు.

“మనుషులు చాలక కారుని కూడా నమ్మించి మోసం చేస్తున్నారన్నమాట,” అంది పద్మిని అప్పుడు.

కారు లేచింది. ఇటు నిలబడితే దాని కిందినుంచి ఎదురింటి గడప కనిపించేంత లేచింది. కానీ మలుపు తిరిగితే చాలు, తాగినవాడిలా తూలేది. గోపినాథ్ తండ్రి గురునాథం బతుకంతా చేపలు పట్టే డోంగీ పడవ మీద గడిపినవాడు. ఆ ఇంట్లో ఊగేదాని గురించి ఆయన చెప్పిందే వేదం.

“కాళీ డోంగీ ఊగదేట్రా? అడుగున బరువెయ్యాల,” అన్నాడాయన.

“మావా, అది డోంగీ కాదు, కారు,” అంది పద్మిని.

“ఊగేదేదైనా ఒకటేనమ్మీ. నువ్వు పిల్లలకి పాటాలు సెప్పుకో. బరువు సంగతి నాకొగ్గెయ్.”

కారు కంపెనీ పుస్తకం అట్ట నుంచి అట్ట దాకా చదివిన గోపినాథ్, తండ్రి మాటకి తలూపాడు. పెరట్లో పడి ఉన్న పాత డోంగీ బరువు రాళ్లన్నీ డిక్కీలోకి చేరాయి.

సోమవారం పద్మిని రంగత్‌లో ఉద్యోగంలో చేరాలి. ముందురోజు ఆదివారం కుటుంబమంతా బయల్దేరింది. మోకాళ్ల నొప్పుల అత్తగారు ఎరుకమ్మ కోసం గోపినాథ్ కారుని నేలబారుగా దించి, ఆమె కూర్చున్నాక పైకి లేపాడు.

“అమ్మోరి ఊరేగింపునాగుందిరా,” అంది ఆవిడ, రెండు చేతులా సీటు పట్టుకుని.

దారంతా రాళ్ల బరువుకి వెనకభాగం దిగిపోవడం, కంప్రెసర్ రొదపెడుతూ దాన్ని లేపడం. ఆ రొద వినపడకుండా గోపినాథ్ పాటల సౌండు పెంచాడు.

మిడిల్ స్ట్రెయిట్ జెట్టీ చేరేసరికి సముద్రం ఆటు మీద ఉండి నీరు బాగా తీసి ఉంది. బండ్లని అవతలి ఒడ్డుకి దాటించే వెహికల్ ఫెర్రీ ర్యాంపు ఏటవాలుగా పడింది. వెనకే రంగత్ బస్సు నిండుగా నిలబడి ఉంది.

“ఇప్పుడు చూడు,” అన్నాడు గోపినాథ్, కారుని ర్యాంపు మీదికి పోనిచ్చి బటన్ నొక్కుతూ.

ముందుభాగం లేచింది. వెనకభాగం లేవబోయింది. కాలిన వాసన వచ్చి కంప్రెసర్ నోరు మూసుకుంది. కారు మూతి ఆకాశం వైపు పెట్టి, నిదానంగా ర్యాంపు మీద చతికిలబడింది.

“గాడీ బిఠానే కో యహీ జగా మిలా, భయ్యా?” అన్నాడు ఫెర్రీ మనిషి. బండిని కూర్చోబెట్టడానికి తన ర్యాంపే దొరికిందా అని అతని బాధ.

తోయడానికి బస్సు జనం దిగారు. డిక్కీ తెరిచి చూసి కాసేపు తోయడం మరిచిపోయారు. “రంగత్‌లో రాళ్లు దొరకవా, దీదీ?” అని ఒకావిడ పద్మినిని మర్యాదగానే అడిగింది. రాళ్లు చేతులు మారుతూ ఒడ్డుకి చేరాయి.

“ముందర కూడా రెండెయ్యాల్సిందిరా. తప్పక్కడే జరిగింది,” అన్నాడు గురునాథం.

కారుని వెనక్కి నెట్టి పక్కన పెట్టాక, నలుగురూ టీ బడ్డీ దగ్గర కూర్చున్నారు. గోపినాథ్ ఫోన్ జేబులో పెట్టుకుంటూ, “మణికుమార్‌తో మాట్లాడాను. టెన్షన్ లేదంట. ఇంకా పెద్ద కంప్రెసర్ వేస్తే ఇంతకంటే లేస్తుందంట,” అన్నాడు. చెమటతో చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. అయినా మొహంలో వెలుగు తగ్గలేదు. పద్మినికి నవ్వు కూడా రాలేదు.

బస్సు డ్రైవరు హారన్ కొట్టాడు. ఆమె టీ పూర్తిచేసి, గ్లాసు బల్ల మీద పెట్టింది.

“నేను క్వార్టరు తీసుకుంటున్నాను,” అంది మామూలు గొంతుతో, ముగ్గురికీ వినపడేలా. “ఈ బస్సులోనే వెళ్తున్నాను. సెలవులకి వస్తాను. అత్తా, నీ మోకాళ్ల మందు ఎడంపక్క అరలో ఉంది, రాత్రి మర్చిపోకు.”