కనుమ ఎక్కే బూట్లు

నా బూట్లు మా వదిన కాళ్లకు కనిపించేసరికి నేను ఉడికించిన గుడ్లు వలుస్తున్నాను. వదినంటే మా ఆయన అక్క. మేం అద్దెకు తీసుకున్న ఆ ఫ్లాట్‌లో వంటగదికీ హాలుకీ మధ్య గోడ లేదు. ఆవిడ సోఫా చుట్టూ టపటపా తిరిగి, రెండు జతల సాక్సు వేసుకుంటే సరిపోతాయిరా అని తమ్ముడితో అంటోంది.

ఎందుకు వేసుకున్నారని అడిగాను. ఆవిడ తమ్ముడి వంక చూసింది. తమ్ముడు కిటికీ వంక చూశాడు.

"రేపు కొండకి అక్క వస్తానంటోంది. నువ్వు అమ్మ దగ్గర ఉండు. నీదేముంది, ఎప్పుడైనా ఎక్కొచ్చు."

ఎప్పుడైనా! రెండు విమానాలు మారి వచ్చిన పరాయి దేశంలో కొండ అది. వీధి చివర కూరగాయల కొట్టనుకున్నాడు.

అసలు ఈ కొండని మా ఇంట్లోకి తెచ్చింది నేను. ఎక్కడికి వెళ్లాలన్నది బావా బావమరుదులు కలిసి తేల్చారు, టిక్కెట్లు వాళ్లే కొన్నారు. అక్కడికెళ్లి ఏం చేస్తామన్నది ఎవరికీ పట్టలేదు. నేనే కూర్చుని మ్యాపులు చూశాను. మొదటిరోజు అందరికీ చెరువు చుట్టూ చదును దారి. ఒకరోజు విశ్రాంతి. ఆ తర్వాత కనుమ. రెండు కొండల మధ్య సందు అది. అక్కడ నిలబడితే ఇవతలి లోయా అవతలి లోయా రెండూ కనిపిస్తాయని చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. వదినకి నడక గిట్టదు కాబట్టి ఆవిడ మా అత్తయ్యని తీసుకుని రోప్‌వేలో సగం దాకా వచ్చి కాఫీ తాగుతూ కూర్చుంటుంది. మేం ముగ్గురం, అంటే మా ఆయన, వదినగారి భర్త, నేను, గైడుతో కనుమ దాకా వెళ్తాం. ఇదంతా బయల్దేరకముందే అందరూ ఒప్పుకున్నదే. గైడుతో మాట్లాడింది నేను. ఎవరి సాక్సు ఎవరికన్నది చూసుకున్నది కూడా నేనే.

బూట్లు కొన్న రోజునుంచీ ఇంట్లో అవే వేసుకుని తిరిగాను. కొత్త బూట్లతో కొండెక్కితే కాళ్లు చితికిపోతాయి, ముందు అవి మన కాలికి అలవాటు పడాలి. వాటితోనే వంట చేశాను, వాటితోనే ఇల్లు తుడిచాను, చెత్తబుట్ట కిందికి దించాను. మా ఆయనకి అదొక వేడుక. "కెప్టెన్‌గారూ, ఉప్మాలో ఉప్పు తగ్గింది" అనేవాడు. ఫోన్లో అక్కకి చెప్పి నవ్వేవాడు, ఆవిడ అవతలనుంచి నవ్వేది. నా ఎడమకాలి చిటికెన వేలు కాస్త వంకర. ఆ వంకరకి తగ్గట్టు ఆ తోలు సాగి కూర్చోవడానికి ఎన్ని బొబ్బలు చితికాయో నాకే తెలుసు.

మొదటిరోజు చెరువు దగ్గర వదిన ఫోటోలు దిగి మా బంధువుల గ్రూపులో పెట్టింది. అబ్బో, భలే ఫిట్‌గా ఉన్నావే అని అందరూ మెచ్చుకున్నారు. దాంతో ఆవిడకి కొండ మీద మనసు పడింది. అత్తయ్య కాళ్లు వాచాయి, రోప్‌వే ఎక్కనంది. ఇంక అంతే. తమ్ముడు నిమిషంలో లెక్క తేల్చేశాడు.

మా అత్తవారింట్లో చీరలు, చెప్పులు, శాలువాలు అన్నీ ఎవరికి అందినవి వాళ్లు తీసుకునే అలవాటు. నీదీ నాదీ అనడం తప్పు. నా పెళ్లినాటి పట్టుచీర వదిన కట్టుకుని ఎవరి గృహప్రవేశానికో వెళ్లొచ్చి పసుపు మరకతో తిరిగిచ్చినప్పుడూ నేను నోరెత్తలేదు. బూట్లు చెప్పుల్లాంటివి కావని నెమ్మదిగానే చెప్పాను. వదిన నొచ్చుకుంది. నీ బూట్లు నేనేం తినెయ్యనులే అంది. అత్తయ్య కుర్చీలోంచి, పోనీలేమ్మా, దాని సరదా ఏదో తీరనీ అంది. నేను గట్టిగా ఏదో అనబోయాను. మా ఆయన వేలు పెదాలమీద పెట్టుకుని గోడ చూపించాడు.

ఆ గోడ చూపించడం మా పెళ్లైనప్పటినుంచీ ఉంది. పక్కింటివాళ్లు వింటారు. కింది పోర్షన్‌వాళ్లు వింటారు. నాకెప్పుడు కోపం వచ్చినా మా ఆయన గోడ చూపిస్తాడు, నేను గొంతు తగ్గిస్తాను, తగ్గిన గొంతులో కోపం కాస్తా బతిమాలినట్టు వినిపిస్తుంది. ఆ సాయంత్రం కూడా అలాగే తగ్గించాను. వదిన బూట్లు అలవాటు చేసుకుంటానని చినుకుల్లో షికారుకి వెళ్లింది.

పొద్దున లేచి వాళ్లకి రొట్టె ముక్కలు, గుడ్లు కట్టి ఇచ్చాను. వదిన గుమ్మం దగ్గర బల్ల మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటోంది. లోపలింకా తడిగా ఉన్నాయే అని ముఖం చిట్లించింది. లేసులు కట్టుకోవడం రాక, ఇలా రామ్మా, కాస్త బిగించు అని నన్ను పిలిచింది.

వెళ్లి ఆవిడ ముందు కూర్చున్నాను. లేసు పట్టుకున్నాను. పట్టుకుని, బిగించకుండా మొత్తం లాగేశాను.

"కాలు ఎత్తండి వదినా."

"ఎందుకూ?"

"ఇవి నావి. నేను వెళ్తున్నాను."

మా ఆయన అలవాటుగా గోడ చూపించాడు. బిల్డింగంతా వింటుంది, పొద్దున్నే ఈ గోలేమిటన్నాడు.

"విననివ్వండి," అన్నాను. "ఈ బిల్డింగులో ఒక్కడికైనా తెలుగొచ్చా?"

ఆ మాట అన్నాక నాకే తెలిసింది, నా గొంతు అంత ఉందని. ఇక ఆపలేదు. చీర దగ్గర మొదలుపెట్టాను. కెప్టెన్ అని నవ్వినవన్నీ అన్నాను. మీ అమ్మ, మీ అక్క, కన్నది ఆవిడా తోడబుట్టింది ఈవిడా, ఇద్దరూ మీవాళ్లే కదా, మీరెందుకు ఉండకూడదు దగ్గర, ఆ మాట మీ నోటికి ఎందుకు రాలేదు అని అడిగాను. పై అంతస్తులో ఎవరిదో తలుపు తెరుచుకుంది, మళ్లీ మూసుకుంది. మా ఆయన ముఖం పాలిపోయింది. వదినగారి భర్త మాత్రం గోడకి ఆనుకుని, బస్సు టైమవుతోందని వాచీకి చెప్పుకున్నట్టు చెప్పుకున్నాడు. మీరొస్తారా అన్నయ్యగారూ అని అడిగితే, నాకసలే మోకాలు నొప్పమ్మా అని లోపలికి వెళ్లిపోయాడు.

వదిన కాలు ఎత్తలేదు. నేనే మడమ పట్టుకుని బూటు లాగాను. ఒకటి వచ్చాక రెండోది ఆవిడే తీసి, ఇంద అని నేలమీద పడేసింది. నా కొడుకుని నలుగురిలో ఇన్ని మాటలా అని అత్తయ్య ఏడుపు మొదలుపెట్టింది. ఇక్కడున్నది మనమే కదత్తయ్యా అన్నాను. బూట్లు తొడుక్కుని, సంచీ తగిలించుకుని మెట్లు దిగాను.

గైడు బస్టాపులో ఉన్నాడు. అతనితో తెల్లజుట్టు భార్యాభర్తలు ఇద్దరున్నారు. మిగతావాళ్లేరని అడిగితే రారన్నాను. దారి అడవిలో మొదలై, చెట్లు అయిపోయాక రాళ్లలో పడింది. బూట్లు తడి. వదిన రెండు జతల సాక్సు కుక్కి తిరగడంతో నా వంకర వేలి దగ్గర తోలు ఎటో తిరిగింది. మొదటి మలుపుకే మడమ చిట్లింది. అడుగడుక్కీ మంట. మంట పుట్టినప్పుడల్లా ఇంటిల్లిపాదినీ పేరుపేరునా తిట్టుకుంటూ ఎక్కాను. పరుగెత్తొద్దు, కాస్త ఊపిరి తీసుకో అని గైడు నన్ను రెండుమూడుసార్లు ఆపాడు.

కనుమ మీద గాలి మనిషిని తోసేస్తోంది. ఇటు మేమొచ్చిన లోయ, అటు ఇంకో లోయ, దాని మధ్యలో ఏటి గీత. చూశాను. ఏడుపు రాలేదు, సంతోషం కూడా పూర్తిగా రాలేదు. మడమకి బట్ట చుట్టుకుంటుంటే ఫోన్ మోగింది. మా ఆయన. అమ్మ బీపీ మాత్రలెక్కడ పెట్టావు, ఈ పొయ్యి ఎలా వెలిగించాలి, అక్క పొద్దుటినుంచీ ఏమీ తినలేదు, ఎప్పుడొస్తావు. గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. పొద్దున జరిగినదాని గురించి ఒక్క ముక్క లేదు. మాత్రలు మీ అమ్మ పర్సులోనే ఉన్నాయని చెప్పి పెట్టేశాను.

తెల్లజుట్టు దంపతులు సంచులు సర్దుకుంటున్నారు. వాళ్లు వచ్చిన దారిన దిగడం లేదు, అవతలి లోయలోకి వెళ్తున్నారు. అక్కడొక ఊరుందని, రాత్రికి బస దొరుకుతుందని, పొద్దున్నే బస్సు ఉంటుందని గైడు చెప్పాడు. నాకూ ఒక గది కావాలన్నాను. అతను నా మడమ వంక చూసి, దిగగలవా అని అడిగాడు. దిగుతానన్నాను. అతను ఫోన్ తీశాడు.

నేనూ తీశాను. "రేపు వస్తాను. గోడకి చెప్పండి," అని మా ఆయనకి పంపించి, ఫోన్ ఆపేసి, ఆ ఇద్దరి వెనక అటువైపు దిగడం మొదలుపెట్టాను.