మంగళవారం కనబడని కంప్యూటరు

"పట్టికలో ఒక్కటి తక్కువ రాస్తే సంఘం మునిగిపోతుందా నాయనా?" అని మా అమ్మ దెల్మీరా నాలుగోసారి అడిగింది.

"మునిగితే ఆ ఒక్కదానివల్లే మునుగుతుంది అత్తయ్యా," అన్నాడు మా ఆయన ఒవీదియో, అదీ నాలుగోసారే.

బయట వాన. నేను తోర్తాలనే గోధుమపిండి రొట్టెలు నూనెలో వేయిస్తున్నాను. ఇద్దరూ టీలాంటి మాతే పోసుకున్న ఒకే సొరకాయ బుర్రని అటూ ఇటూ అందించుకుంటూ పోట్లాడుకుంటున్నారు. మాట వినకపోయినా వంతు మాత్రం తప్పడంలేదు.

ఇద్దరిదీ సాన్ హోసే పాల సహకార సంఘంలోనే ఉద్యోగం. తయారుచేసినవాళ్ళు ఇక మరమ్మతులు చెయ్యం అని వదిలేసిన సాఫ్ట్‌వేర్ ఏ కంప్యూటర్లో మిగిలి ఉందో వెతికి రాయడం ఒవీదియో పని. అలాంటిదొక్కటున్నా వైరస్ దూరి సంఘమంతా ఆగిపోవచ్చట. ప్రతి మంగళవారం పదింటికి అతని ప్రోగ్రాం నెట్‌వర్క్‌లో ఉన్న కంప్యూటర్లన్నిటినీ పలకరిస్తుంది. రెండువందల పద్నాలుగు పలికాయి. మా అమ్మ పనిచేసే, పాలు దించుకునే గదిలోది మాత్రం ఏడు నెలలుగా పలకలేదు.

పలకదు మరి. మంగళవారం పదింటికి మా అమ్మ దాని నెట్‌వర్క్ తీగ పీకేసి, తీరిగ్గా మాతే తాగి, పదిన్నరకి మళ్ళీ గుచ్చేది. ఈ వారం ఒవీదియో గొడుగేసుకుని స్వయంగా వెళ్ళాడు. కంప్యూటరు మీద అమ్మ అల్లిన లేసుగుడ్డ ఉంది. తీగ అమ్మ చేతిలో ఉంది.

"దానికి పదిహేడేళ్ళు అత్తయ్యా! చేసినవాళ్ళే దాన్ని మర్చిపోయారు."

"నాకు అరవై మూడు. నన్ను చేసినవాళ్ళు పోయి ముప్ఫయ్యేళ్ళు. నన్నూ రాసేసుకో."

"అమ్మమ్మకి మరమ్మతులు కూడా కుదరవు నాన్నా," అంది మా అమ్మాయి యమీలా. అందరం నవ్వాం. అమ్మ నవ్వలేదు.

"కొత్త పెట్టె వస్తే దానితో నా చోట కొత్త పిల్లని తెస్తారే," అంది నాతో. "పింఛనుకి ఇంకా రెండేళ్ళుంది నాకు."

మాతే ఒవీదియో చేతిలోనే ఆగిపోయింది.

"ఏ లారీ ఎప్పుడొస్తుందో, ఏ రైతు పాలు ఏ తొట్టిలోకో ఒక్క కాగితం మీదా లేదు," అన్నాడు. "అంతా మీ తలలోనే ఉంది."

"అయితే తల పీకి గుచ్చుకుంటావా?"

"పట్టికలో ప్రతి కంప్యూటరు పక్కనా బాధ్యులెవరో రాస్తాం. పాతది తీసి కొత్తది పెట్టడం పూర్తయ్యేదాకా వాళ్ళని ఉద్యోగంలోంచి కదపకూడదు. అసలు కంప్యూటరే లేదంటే మీ పేరు ఎక్కడ రాయను?"

"పూర్తయ్యాక?"

"అబద్ధం చెప్పను. కొత్త కంప్యూటరు వాడడం మీరు నేర్చుకుని తీరాలి."

అమ్మ తోర్తా మీది పంచదార దులుపుకుని నెమ్మదిగా తింది. తరవాత ఎవరివైపూ చూడకుండా, అందరికీ కలిపి చెప్పింది.

"రేపు రాసేసుకో. ఇకనుంచి శనివారాలు నా వంతు వంట మీరే చూసుకోండి. నేను కొత్తది నేర్చుకోవడానికి వెళ్తున్నాను."