నలుపు తొమ్మిది పాయింట్లు

మా తోడల్లుడు షాపు వదిలి వెళ్లిన రోజు సాయంత్రమే నేను షట్టరు తాళం మార్చాను. పాత తాళం బాగానే ఉంది. కానీ దాని రెండో చెవి తొమ్మిదేళ్లు అతని దగ్గరే ఉంది. నకలు తీయించి ఉంటే? అనుమానపడటానికి ఖర్చు లేదు, పడకపోతేనే ఖర్చు.

కంప్యూటరు పాస్‌వర్డ్ మాత్రం మార్చలేదు. అది మా షాపు ఫోన్ నంబరు. బయట బోర్డు మీద జానెడేసి అంకెలతో రాసి ఉంటుంది.

మాది రంగుల షాపు. కంపెనీ నుంచి తయారై వచ్చే డబ్బా ఎవరైనా అమ్ముతారు. మా పేరు నిలబెట్టింది మేం కలిపే రంగు. ఎవరైనా గోడ పెచ్చు ఒకటి తెచ్చి చూపిస్తే అదే రంగు కలిపిస్తాం. తెల్లటి బేస్‌లో పసుపెంత, ఎరుపెంత, నలుపెంత పడిందో పాయింట్ల లెక్కన కంప్యూటరులో రాసుకుంటాం. నాలుగేళ్ల తర్వాత ఆ ఇంటివాళ్లే వచ్చి "మా హాలు రంగు" అంటే చాలు, పేరు కొట్టగానే లెక్క బయటికి వస్తుంది. అలా రెండు వేల పైచిలుకు గోడలు ఆ ఒక్క ఫైల్లో ఉన్నాయి. ఆ ఫైలు ఇంటర్నెట్ ఖాతాలో ఉంటుంది. పాస్‌వర్డ్ తెలిస్తే ఎక్కడి నుంచైనా తెరవచ్చు.

నేనూ, తోడల్లుడూ అక్కచెల్లెళ్లను చేసుకున్నాం. నేను రంగు కలిపే యంత్రం దగ్గర, అతను కౌంటరులో. రంగుల షాపులో తొమ్మిదేళ్లు ఉండి చొక్కా మీద ఒక్క మరక పడనివ్వలేదంటే అతను యంత్రానికి ఎంత దూరంలో నిలబడ్డాడో మీరే అర్థం చేసుకోండి. వీధిలో అందరూ తెల్లచొక్కా అనేవారు. మాట తేనె. చెత్తబుట్ట మాత్రం ముట్టడు. కౌంటరు కింద బుట్ట నిండి కాగితాలు పొర్లిపోతున్నా, కాలితో లోపలికి తోసి ఊరుకునేవాడు. మా ఆవిడకూ అతనికీ రోజూ దాని మీదే యుద్ధం.

వేరే షాపు పెట్టుకుంటానన్నాడు. మంచిదేగా అన్నాను. మా షాపుకు ఎదురుగానే పెడతాడని మాత్రం చెప్పలేదు.

అతను వెళ్లిన నాలుగో రోజు, సోమవారం ఉదయం మా ఆవిడ కంప్యూటరు తెరిచి, "ఏమండీ, ఒకసారి ఇలా రండి," అంది. వెళ్లి చూస్తే రంగుల ఫైలు ఉండాల్సిన చోట ఏమీ లేదు.

సరిగ్గా అప్పుడే బడి మేనేజరు లోపలికి వచ్చాడు. ఆ బడి మూడంతస్తుల భవనం. కిందటి సెలవుల్లో రెండు అంతస్తుల వరండాలకు మేమే ఎండుగడ్డి రంగు కలిపిచ్చాం. మిగిలిన మూడో అంతస్తు ఈ సెలవుల్లో వేయాలి.

"నలభై బక్కెట్లు కావాలి. అదే రంగు, వెంట్రుకవాసి తేడా రాకూడదు," అన్నాడు. తర్వాత కొంచెం ఇబ్బందిగా, "ఎదురు షాపాయన తన దగ్గర ఫార్ములా ఉందంటున్నాడు. మీ దగ్గర లేదటగా?" అన్నాడు.

మా ఫైలు పోయిన సంగతి నాకే ఐదు నిమిషాల క్రితం తెలిసింది. ఎదురు షాపుకు ముందే తెలిసిపోయింది. ఇంక దొంగ ఎవరని వెతకాల్సిన పనేముంది?

"ఒక్కరోజు ఆగండి," అన్నాను. అతను వెళ్లాక కుర్చీలో కూలబడ్డాను. ఈ బడి పని ఒక్కటే అయితే కడుపు మాడ్చుకుని ఊరుకునేవాణ్ణి. రేపు ఆ రెండు వేల ఇళ్లవాళ్లూ వచ్చి "మా రంగు" అంటే నేను తెల్లమొహం వేయాలి. వాళ్లంతా రోడ్డు దాటి అటు వెళ్తారు. ఏడాది తిరక్కుండా నా షాపుకు మార్చిన ఆ కొత్త తాళమే మిగులుతుంది.

అయినా నాకొక ధైర్యం ఉంది. రెండేళ్లుగా ప్రతి శనివారం ఆ ఫైలును పెన్‌డ్రైవులోకి కాపీ చేసి, ఇంటికి తీసుకెళ్లి కుట్టు మిషను సొరుగులో పెడుతున్నాను. ఎవరు చెప్పినా వినను, ఇది మాత్రం విన్నాను. మా ఆవిడ ఇంటికి వెళ్లి దాన్ని తెచ్చేలోపు కంప్యూటర్లు బాగుచేసే మేడమ్‌ను పిలిపించాను. ఆవిడ పెన్‌డ్రైవు పెట్టి చూసింది. ఒకసారి నా మొహంలోకి చూసింది.

"అన్నా, దీని మూల చిన్న బాణం గుర్తుంది, ఎప్పుడైనా చూశావా?"

"చూశాను. అందంగా ఉందనుకున్నాను."

"ఇది ఫైలు కాదు. ఫైలు ఎక్కడుందో చెప్పే గుర్తు. రెండేళ్లుగా ఇంటి చిరునామా రాసిన చీటీని భద్రంగా బీరువాలో దాచావు. ఇల్లు బయటే ఉంది."

"నూటనాలుగు శనివారాలు," అంది మా ఆవిడ.

"లెక్క నేను వేసుకుంటాలే," అన్నాను.

"కాపీ తీశాక ఒక్కసారైనా వేరే కంప్యూటరులో తెరిచి చూశావా?" అంది మేడమ్. "తెరిచి చూడని కాపీ కాపీ కాదన్నా. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టుకుని చూడవూ?"

ఆవిడ ఖాతాలోకి వెళ్లి వెతకసాగింది. ఇంటర్నెట్ ఖాతాలో చెరిపేసిన ఫైలు వెంటనే పోదట. నెల రోజులు చెత్తబుట్టలో ఉంటుందట. తెలివైనవాడైతే ఆ బుట్ట కూడా ఖాళీ చేసి వెళ్తాడట.

మా ఆవిడ ఒక్కసారిగా నవ్వింది. పొద్దున్నించి అదే మొదటి నవ్వు. "మా చెల్లెలి మొగుడా? చెత్తబుట్ట ఖాళీ చేయడమా? చూడమ్మా, చూడు. తొమ్మిదేళ్లలో చేయనివాడు ఆదివారం పూట చేస్తాడా?"

ఉంది. రెండు వేల గోడలూ చెక్కుచెదరకుండా ఆ బుట్టలోనే ఉన్నాయి.

మేడమ్ ఫైలును తిరిగి దాని చోట పెట్టి, ఇంకొక పేజీ తెరిచింది. ఖాతాలోకి ఎవరు ఎప్పుడు వచ్చారో అందులో ఉంటుంది. ఆదివారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలు. వచ్చిన కంప్యూటరు పేరు దగ్గర తెల్లచొక్కా కొత్త షాపు పేరే ఉంది. మనిషి కంప్యూటరు కొనగానే దానికి షాపు పేరు పెట్టి మురిసిపోయాడన్నమాట. ఆ పేజీ కాగితం మీద అచ్చు తీయించుకున్నాను.

"ఇప్పుడే పాస్‌వర్డ్ మార్చు. ఫోన్ నంబరు పెట్టకు, పిల్లల పుట్టినరోజు పెట్టకు. కొత్త కంప్యూటరు నుంచి ఎవరు తెరవబోయినా నీ ఫోనుకు ఓటీపీ అంకె వచ్చేలా పెడతాను. ఆ అంకె ఎవరడిగినా చెప్పకు. ఈసారి ఎవరైనా పని మానేస్తే తాళం కంటే ముందు ఇది మార్చు," అంటూ అన్నీ దగ్గరుండి చేయించింది.

మేడమ్ వెళ్లాక మా ఆవిడ, "మా నాన్న దగ్గర పెడదామా ఈ కాగితం?" అంది.

"పెడితే ఏమవుతుంది? మీ చెల్లెలు ఏడుస్తుంది, ఆయన తల పట్టుకుంటాడు, వీడు కాళ్ల మీద పడతాడు. మన ఫైలు నకలు మాత్రం వీడి దగ్గరే ఉంటుంది."

"మరి?"

"ఉండనీ. వాడు ఫైలైతే ఎత్తుకెళ్లాడు. యంత్రాన్ని ఎత్తుకెళ్లలేదుగా."

ఆవిడ యంత్రం వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. మెల్లగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఆ విషయం మా ఇద్దరికే తెలుసు. మా యంత్రంలో నలుపు రంగు పడే ముక్కు ఏళ్ల క్రితమే సగం పూడుకుపోయింది. తొమ్మిది పాయింట్లు కొడితే ఆరే పడతాయి. కంపెనీ మెకానిక్ కొత్తది వేయాలన్నాడు. దానికి బదులు నలుపు ఎక్కడ ఆరు కావాలో అక్కడ తొమ్మిది రాసుకోవడం మొదలుపెట్టాను. ఫైల్లో ఉన్నది రంగుల లెక్క కాదు, మా ముసలి యంత్రం జబ్బుతో కలిపిన లెక్క. తెల్లచొక్కా కొన్నది సరికొత్త యంత్రం. తొమ్మిది కొడితే తొమ్మిదీ పోస్తుంది. చొక్కాకు మరక అంటకుండా దూరంగా నిలబడ్డవాడికి ఈ సంగతి ఎలా తెలుస్తుంది?

మంగళవారం ఉదయం మేనేజరు ఎదురు షాపులోకి వెళ్లడం చూసి నేనూ రోడ్డు దాటాను.

"ఏం తమ్ముడూ, షాపు కళకళలాడుతోంది."

"అంతా నీ చలవే అన్నయ్యా."

"మా పనే బాగాలేదు. ఫైలంతా పోయింది."

"అయ్యయ్యో!" గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "ఎన్నిసార్లు చెప్పాను అన్నయ్యా, కాపీ పెట్టుకోమని? విన్నావా?"

ఒక్కసారి కూడా చెప్పలేదు. నేను తల దించుకున్నాను. నవ్వు దాచుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు.

మేనేజరు తన తీర్పు చెప్పాడు. గురువారం ఇద్దరం వరండా గోడ మీద బారెడు మేర పూసి చూపించాలి. ఎవరిది కలిస్తే వాళ్లకే పని.

"నేను కంటి అంచనాతో కలపాలి కాబట్టి నమూనా పూస్తాను," అన్నాను. "తమ్ముడి దగ్గర ఫార్ములా ఉందిగా, అతనికి నమూనా దేనికండీ? నలభై బక్కెట్లూ కలిపి సిద్ధంగా పెట్టుకుంటే గురువారమే పని మొదలవుతుంది. మీకు సెలవులు ఎన్నాళ్లున్నాయి?"

"పది రోజులే," అన్నాడు మేనేజరు ఆశగా.

తెల్లచొక్కా కాస్త తటపటాయించాడు. "నమూనా చూశాక కలిపితే..."

"ఏం తమ్ముడూ? నీ ఫార్ములా మీద నీకే నమ్మకం లేదా? లేదంటే చెప్పు, పరాయివాళ్లమా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "నలభై బక్కెట్లూ రేపు సాయంత్రానికి కలిపేస్తాను. గురువారం బండిలో వేసుకుని వస్తాను," అన్నాడు మేనేజరుతో. నాతో కాదు.

బుధవారమంతా ఎదురు షాపులో కొత్త యంత్రం గిరగిరా తిరుగుతూనే ఉంది. నేను మా కౌంటరులో కూర్చుని ఆ చప్పుడు విన్నాను. చాలా కాలం తర్వాత మధ్యాహ్నం భోజనం కడుపునిండా తిన్నాను.

తడి రంగు వేరు, ఆరిన రంగు వేరు. యంత్రం దగ్గర బతికినవాడు మూత మీద కాస్త పూసి, ఆరబెట్టి, అప్పుడు కలుపుతాడు. ఫార్ములా ఉన్నవాడికి ఆ తీరిక ఉండదు.

గురువారం ఉదయం మూడో అంతస్తు మెట్ల దగ్గర, పాత రంగు ఆగిపోయిన చోట, ఇద్దరం పక్కపక్కన పూశాం. తడిగా ఉన్నప్పుడు మేనేజరు రెండూ చూసి తల గీరుకున్నాడు. భోజనాలు చేసి తిరిగి వచ్చాం. నా బారెడు ఎక్కడ మొదలైందో వేలితో వెతకాల్సి వచ్చింది. పక్కన అతనిది తడి గోనెపట్టా అతికించినట్టు ఉంది.

"ఇదేమిటండీ, గోడకు జబ్బు చేసినట్టుంది!" అన్నాడు మేనేజరు.

తెల్లచొక్కా కిందికి పరుగెత్తి బండిలోని ఇంకో బక్కెట్టు మూత తీశాడు. ఇంకోటి తీశాడు. నలభై బక్కెట్లూ ఒక తల్లి పిల్లలే. ఆయాసపడుతూ పైకి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నయ్యా, ఇది ఎలా అవుతుంది? అంకె తేడా లేదు. నలుపు తొమ్మిది. మన ఫైల్లో ఉన్నదే కదా!"

"మన ఫైలా?" అన్నాను. "ఏ ఫైలు తమ్ముడూ?"

నేను జేబులోంచి కాగితం తీసి మేనేజరుకిచ్చాను. చదవమన్నాను, పైకి. ఆయన తేదీ చదివాడు, గంట చదివాడు, నిమిషాలు చదివాడు. చివర్న షాపు పేరు చదివి కాగితం మడిచాడు. బడి నడిపే మనుషులకు దొంగ కాపీ అంటే ఎలాంటి మంటో వేరే చెప్పాలా?

"మీ బండి తీసేయండి. దారికి అడ్డం," అన్నాడు అతనితో.

చొక్కాకు ఆ రోజు మరక పడింది. బక్కెట్ల మూతలు తీసిన కంగారులో పొట్ట మీద అరచేతి మేర. నేను చూశాను. ఉతికితే పోయే రంగు కాదది. నేను కలిపినదైతే అందులో నలుపు ఆరు పాయింట్లే ఉండేది.

కలిపిన రంగును ఏ కంపెనీ వాపసు తీసుకోదు. నలభై బక్కెట్లు ఎవరు కొంటారు? నెల తిరిగేసరికి ఎదురు షాపు గోడలు లోపలా బయటా ఆ రంగుకు మారాయి. ఆ తర్వాత మరదలు వాళ్ల అక్కను చూడటానికి వచ్చి నన్ను చూసి ఆగింది.

"బావా, ఇల్లంతా అదే రంగు. వంటింట్లో కూడా. పట్టపగలు లైటు వేసుకుని కూర తరుక్కుంటున్నాను. ఆ నలుపు సంగతేంటో ఆయనకు చెప్పకూడదా?"

"మీ ఆయన్నే వచ్చి అడగమను. నా ఎదురుగా నిలబడి, ఆదివారం పదకొండింటికి ఏం చేశాడో చెప్పి, అప్పుడు అడగమను."

అతను రాలేదు. నాకు తెలుసు, రాడు. మా ఫైలు నకలు ఇంకా అతని దగ్గరే ఉంది. అందులో రెండు వేల గోడలున్నాయి, ప్రతి గోడకూ నలుపు ఎక్కువే. మా పాత ఇళ్లవాళ్లు ఎవరైనా అటు వెళ్తే, గోడ ఆరేసరికి ఇటు వస్తున్నారు.

జరిగిందంతా విన్నాక కంప్యూటరు మేడమ్ మాత్రం నన్ను వదల్లేదు. "ఆ ముక్కు సంగతి నీ తలలోనే ఉంటే ఎలాగన్నా? యంత్రం రేపు చచ్చిపోతే నీకూ అతని గతే. కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకో," అంది. రాసి కుట్టు మిషను సొరుగులో పెట్టాను. ముక్కు బాగుచేయించమని మెకానిక్ ఇప్పటికీ అడుగుతుంటాడు. వద్దంటాను.

ఇప్పుడు ప్రతి శనివారం అసలు ఫైలునే కాపీ చేస్తున్నాను. కాపీ అవగానే పెన్‌డ్రైవు పీకి ఇంటికి తీసుకెళ్తాను. మా ఆవిడ పాత లాప్‌టాప్‌లో పెట్టి, ఏదో ఒక రంగు తెరిచి చూస్తాను. తెరుచుకుంటే ఆ వారానికి నిశ్చింత. రెండు వేల రంగుల్లో ఏది తెరిచినా సరిపోతుంది. నేను మాత్రం బడి రంగే తెరుస్తాను. నలుపు దగ్గర తొమ్మిది ఉందో లేదో చూసుకుని, అప్పుడు మూసేస్తాను.